అంగిలి మీద రెండు మిల్లీమీటర్లు: కట్టుడు పళ్ళకీ మాటకీ ఉన్న లంకె

మా మావయ్య తెనాలిలో పౌరోహిత్యం చేస్తారు. నలభై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, తద్దినాలు, నోములు. పై వరసలో ముందు పళ్ళు రెండు, ఎడమ పక్క దవడ పళ్ళు రెండు పోయాక, తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు కట్టించుకున్నారు. పెట్టుకున్న మూడో రోజున ఒక గృహప్రవేశంలో సంకల్పం చెబుతూ ‘ఏవం గుణ విశేషణ విశిష్టాయాం’ దగ్గర ఆగిపోయారు. శ కాస్తా స అయింది. ష దగ్గర సన్నగా ఈల వచ్చింది. ణ అనబోతే నాలుక కొస దేనికో తట్టుకుంది. ఆయన పక్కకి తిరిగి, సెట్టు తీసి, ఉత్తరీయం కొంగున ముడి వేసుకుని మిగతా తంతు నడిపించారు. ముందు పళ్ళు లేక స సరిగ్గా పలకకపోయినా, ఆ తట్టుకోవడం కంటే అదే నయమనిపించిందట.

సాయంత్రం ఇంటికొచ్చి, ‘వయసైపోయిందిరా, నోరు తిరగట్లేదు’ అన్నారు. ఆ మాట వింటే నాకు మనసు చివుక్కుమంది. సెట్టు తీసేసి మాట్లాడుతుంటే ణ, ట, ళ అన్నీ ఎప్పట్లాగే గంటలా పలుకుతున్నాయి. అడ్డం పడుతున్నది అంగిలి మీద కొత్తగా వచ్చి కూర్చున్న రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్. చాలామంది పెద్దవాళ్ళు ఈ తేడా తెలియక, తప్పు తమదే అనుకుని మాట్లాడటం తగ్గించేస్తారు. లేదా వేలు పోసి కట్టించుకున్న సెట్టుని డబ్బాలో పెట్టి మర్చిపోతారు. అందుకే ఈ విషయం కాస్త విడమరిచి చెప్పాలనిపించింది.

కొన్ని పళ్ళు మాత్రమే పోయినవాళ్ళకి పెట్టే సెట్లు మన దగ్గర ముఖ్యంగా మూడు రకాల్లో దొరుకుతాయి. గులాబీ రంగు గట్టి ప్లాస్టిక్, అంటే యాక్రిలిక్. కోబాల్ట్, క్రోమియం కలిపిన లోహంతో పోత పోసినది, దీన్ని ‘క్యాస్ట్ పార్షియల్’ అంటారు. మూడోది నైలాన్ జాతి మెత్తటి ప్లాస్టిక్, అందరూ ‘ఫ్లెక్సిబుల్’ అంటున్నది. వీటిలో మాటకి ఏది మంచిది అని అడిగితే, సాధారణంగా ఖరీదును బట్టి జవాబు వస్తుంది. కానీ నాలుకకి ఖరీదు తెలియదు. దానికి తెలిసేవి ప్లేటు ఎంత మందంగా ఉంది, అంచు ఎక్కడ ఆగింది, మాట్లాడుతుంటే కదులుతోందా లేదా, ఇవే. పదార్థం మారితే ఈ మూడూ మారతాయి. మాట మీద పదార్థం ప్రభావం చూపేది ఈ దారిలోనే.

ముందు నాలుక ఏం చేస్తుందో చూద్దాం. చిన్నప్పుడు వ్యాకరణంలో చదువుకున్న కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు గుర్తున్నాయా? అది అచ్చంగా నోటి మ్యాపు. ప, బ, మ పెదవుల మీద పుడతాయి కాబట్టి ప్లేటుతో వాటికి పని లేదు. క, గ వెనక మెత్తటి అంగిలి దగ్గర పుడతాయి. కొన్ని పళ్ళ సెట్టు అంత వెనక్కి వెళ్ళదు. ఇబ్బందంతా మధ్యలో ఉన్నవాటితోనే. త, ద అనేటప్పుడు నాలుక కొస పై పళ్ళ వెనక ఆనుతుంది. స అనేటప్పుడు ఎక్కడా పూర్తిగా ఆనదు. నాలుక అంచులు రెండు పక్కలా పై పళ్ళకి ఒత్తుకుని, మధ్యలో సన్నటి కాలువ ఒకటి వదులుతాయి. గాలి ఆ కాలువలోంచి దూసుకొచ్చి ముందు పళ్ళ అంచుకి కొట్టుకుంటే స పుడుతుంది. కాలువ మరీ ఇరుకైతే ఈల, వెడల్పైతే శ లాంటి ముద్ద శబ్దం వస్తుంది. అంత సన్నటి దారిలో ఒక మిల్లీమీటరు మందం అదనంగా చేరినా తేడా వినపడుతుంది. అందుకే సెట్టు పెట్టుకున్న ఎవరికైనా మొదట చెడేది స.

ఇంతవరకు ఏ భాషకైనా ఒకటే. తెలుగు దగ్గరికొచ్చేసరికి ఇంకో సంగతి ఉంది.

ట, డ, ణ, ళ అనేటప్పుడు మన నాలుక కొస వెనక్కి మడుచుకుని అంగిలికి తగులుతుంది. ఎంత వెనక్కి? 1983లో భాషాశాస్త్రవేత్తలు పీటర్ లాడెఫోగెడ్, పేరి భాస్కరరావు హిందీ, తమిళ, తెలుగు మాట్లాడేవాళ్ళ నోళ్ళని ఎక్స్‌రేల సాయంతో పోల్చి చూశారు. హిందీవాళ్ళ నాలుక కొస పళ్ళ వెనక ఉండే గట్టు దాటి కాస్త వెనక ఆగుతుంటే, తెలుగు, తమిళం వాళ్ళది ఇంకా వెనక్కి మడుచుకుని, కొస అడుగుభాగం గట్టి అంగిలికి ఆనుతోంది. అక్కణ్ణుంచి విడివడి నాలుక ముందుకి జారుతుంది. అద్దం ముందు నిలబడి మెల్లగా ‘పళ్ళు’ అని చూడండి, తెలుస్తుంది.

ఇప్పుడు పై సెట్టు ప్లేటు అంచు ఎక్కడ ఆగుతుందో ఆలోచించండి. ముందు పళ్ళు పెట్టడానికి అంగిలి ముందు భాగాన్ని కప్పి, చాలాసార్లు సరిగ్గా ఆ మడత నాలుక తగిలే చోటికే వచ్చి ఆగుతుంది. అంటే ట అనాలంటే నాలుక ఆ మెట్టు దగ్గర ఆనాలి, జారాలంటే దాన్ని ఎక్కి దిగాలి. మన భాషలో ఈ శబ్దాలు అప్పుడప్పుడు వచ్చేవి కావు. కళ్ళు, ఇళ్ళు, నీళ్ళు, రాళ్ళు. వచ్చాడు, తిన్నాడు, వెళ్ళాడు. చెప్పడం, చూడటం. క్రియల చివరా, బహువచనాల చివరా అవే. ఒక్క నిమిషం కబుర్లలో నాలుక ఎన్నిసార్లు ఆ అంచు దాటుతుందో లెక్కపెట్టలేం. ఇంగ్లీషులో అయితే టి, డి అనేటప్పుడు నాలుక పళ్ళ వెనకి గట్టు మీదే ఆగిపోతుంది. ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసిన పద్ధతుల్లో సెట్టు సరిచూడాలంటే ‘సిక్స్‌టీ సిక్స్’ అనిపించి చూస్తారు. మన దగ్గరా అదే అలవాటు. ఆ మాట స కాలువని బాగానే పరీక్షిస్తుంది. మడత నాలుక సంగతి మాత్రం దానికి అందదు.

ఇక పదార్థాల దగ్గరికి వద్దాం.

యాక్రిలిక్ 1930ల చివర్లో పళ్ళ వైద్యంలోకి వచ్చింది. అంతకుముందు దాదాపు ఎనభై ఏళ్ళు వల్కనైట్ అనే గట్టి రబ్బరుతో చేసేవారు. యాక్రిలిక్ రంగు బాగుంటుంది, చవక, చేయడం సులువు. కానీ పెళుసు. సింకులో కడుగుతుంటే చేయి జారి పడితే రెండు ముక్కలవుతుంది. విరగకుండా ఉండాలంటే అంగిలి మీద రెండు మిల్లీమీటర్లో, ఇంకొంచెం ఎక్కువో మందం ఉంచక తప్పదు. పైగా పట్టు కోసం ఎక్కువ మేర కప్పాలి. అంగిలి ముందు భాగంలో సహజంగా ఉండే ముడతలు దాని కింద పడిపోతాయి. నాలుక ఎప్పుడూ తడుముకుంటూ చోటు గుర్తుపట్టేది ఆ గరుకు మీదే. దాని బదులు ఒక నున్నటి గోడ ఎదురవుతుంది. కొందరు ల్యాబ్ వాళ్ళు ప్లేటు మీద ఆ ముడతల్ని మళ్ళీ తీర్చిదిద్దుతారు. అందరి విషయంలో అది ఒకేలా పనిచేయదు గానీ, కొంతమంది దాంతో తేలిగ్గా అలవాటుపడతారు.

ఇంత చెప్పాక యాక్రిలిక్ పనికిరాదని అనుకోకండి. దానికున్న పెద్ద గుణం, సరిచేయడానికి వీలివ్వడం. డాక్టరు గారు కుర్చీ పక్కనే కూర్చుని అంచుని అరగదీయగలరు, పలచన చేయగలరు, మెరుగు పెట్టగలరు. చిగుళ్ళు అరిగి సెట్టు వదులైతే లోపల కొత్త పొర వేయగలరు. ఇంకో పన్ను పోతే దానికే అతికించగలరు. మాట సరిగ్గా రావడం అనేది ఒక్కరోజులో తేలేది కాదు, నాలుగైదుసార్లు సర్దుకుంటూ పోవాల్సిన పని. అందులో యాక్రిలిక్‌ని మించినది లేదు.

పోత లోహం కథ వేరు. కోబాల్ట్ క్రోమియం మిశ్రమం చాలా గట్టిది కాబట్టి అర మిల్లీమీటరు మందంలో కూడా వంగదు, విరగదు. యాక్రిలిక్ మందంలో నాలుగో వంతు అన్నమాట. అంగిలినంతా కప్పాల్సిన పని లేదు, ఒక పట్టీలా అడ్డంగా వేస్తే చాలు. ఆ పట్టీ ఎక్కడ వేయాలనేది డాక్టరు చేతిలో ఉంటుంది. ముందు ముడతల్ని వదిలేసి మధ్యలో వేయొచ్చు. తప్పనిసరై ముడతల మీదుగా పోవాల్సి వస్తే, అంచుని ముడతల మధ్య లోయల్లో ఆపుతారు, నాలుకకి తగలకుండా. లోహం బరువు కదా అని చాలామంది సందేహపడతారు. ఘనపరిమాణం సమానంగా తీసుకుంటే యాక్రిలిక్ కంటే ఏడు రెట్లు పైనే బరువు, నిజమే. కానీ అంత పలచగా, అంత తక్కువ చోట వాడతారు కాబట్టి నోట్లో ఆ బరువు పెద్దగా తెలియదు. పంటికి పట్టుకునే కొక్కేలు కూడా గట్టిగా ఉంటాయి, ప్లేటు కదలదు. వేడి కాఫీ తాగితే లోహం వేడిని వెంటనే చేరవేస్తుంది, అంగిలికి ఆ వేడి తెలుస్తుంది. పరాయి వస్తువు నోట్లో ఉందన్న భావన తగ్గడానికి ఇదీ కొంత సాయం చేస్తుంది.

లోహంలో ఇబ్బంది ఏమిటంటే, ఒకసారి పోత పోశాక పట్టీ చోటు మార్చలేం. గుర్రపు లాడంలా ముందు పళ్ళ వెనకంతా చుట్టి వచ్చే డిజైను వేసేస్తే, లోహమైనా సరే, స కాలువకి అదే అడ్డం. మంచి పదార్థం, తప్పు గీత. అందుకే లోహం విషయంలో మాట గురించిన చర్చ కొలతలు తీసుకున్న రోజే జరగాలి, సెట్టు చేతికొచ్చాక కాదు. ‘నేను క్లాసులు చెబుతాను’, ‘హరికథలు చెబుతాను’, ‘రోజంతా ఫోన్లో మాట్లాడే ఉద్యోగం’ అని ఆ రోజే చెప్పుకోవాలి.

ఫ్లెక్సిబుల్ సెట్ల మీద ఇప్పుడు మోజు ఎక్కువ. లోహపు కొక్కేలు కనిపించవు, చిగురు రంగులో కలిసిపోతాయి, విరగవు. ఒక పక్క ఒకటో రెండో పళ్ళు పోయినవాళ్ళకి చిన్న ముక్కలా చేసి పెడితే, అంగిలి మీదకి రాదు కాబట్టి మాటలో తేడా దాదాపు ఉండదు. అలాంటివాళ్ళు దాన్ని మెచ్చుకోవడం సహజమే. కానీ పక్కింటావిడకి బాగుందని మనకీ అదే కావాలంటే కుదరదు. పళ్ళు పోయిన చోటుని బట్టి నోళ్ళని 1925లో ఎడ్వర్డ్ కెన్నెడీ అనే డాక్టరు తరగతులుగా విడదీశారు. అందులో మొదటిది, రెండు పక్కలా వెనక దవడ పళ్ళు పోయి, చివర పట్టుకోవడానికి పన్నే లేని నోరు. అలాంటి నోట్లో మెత్తటి ప్లేటు నమిలినప్పుడల్లా దిగుతుంది, లేస్తుంది. మాట్లాడుతుంటే ఉమ్మి కింద చేరి చిటుక్కుమంటుంది. కదిలే ప్లేటుని నాలుక ఊరికే వదలదు. దాన్ని ఆపి ఉంచడానికి ప్రయత్నిస్తూ మాట మీద ధ్యాస తగ్గించుకుంటుంది. మాట ముద్దగా రావడానికి సగం కారణం ఇదే.

పైగా నైలాన్‌ని పలచగా చేస్తే మరీ వంగిపోతుంది, అందుకని దానికీ మందం కావాలి. అరగదీస్తే పీచులా లేస్తుంది, యాక్రిలిక్‌లా నున్నగా మెరుగు పట్టదు. అంచు నాలుకకి తగులుతోందని చూపిస్తే సరిచేయడం కష్టం. వదులైతే లోపల పొర వేయడం ఇంకా కష్టం. కాలం గడిచేకొద్దీ ఉపరితలం గరుకెక్కుతుంది. మాట ముఖ్యమైనవాళ్ళు, ఎక్కువ పళ్ళు పోయినవాళ్ళు దీన్ని ఎంచుకునే ముందు ఇంకోసారి ఆలోచించాలని నా అభిప్రాయం.

టైటానియం, పీక్ అనే గట్టి పాలిమర్ లాంటివి కూడా ఉన్నాయి, తేలిగ్గా ఉంటాయి. మందం, అంచు, కదలిక అనే లెక్కలే వాటికీ వర్తిస్తాయి.

కింది సెట్టు గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు గానీ, నాలుక ఇల్లు అదే కదా. చాలామంది స అనేటప్పుడు నాలుక కొసని కింది ముందు పళ్ళ వెనక ఆనించి ఉంచుతారు. అక్కడ మందపాటి యాక్రిలిక్ వస్తే నాలుక వెనక్కి నెట్టినట్టవుతుంది. లోహంతో అయితే చిగురుకి కిందగా ఒక సన్నటి కడ్డీ వేస్తే సరిపోతుంది. దానికి చిగురు అంచు నుంచి నోటి అడుగు వరకు ఏడెనిమిది మిల్లీమీటర్ల లోతు ఉండాలి. అంత చోటు లేనివాళ్ళకి కడ్డీ బదులు పళ్ళ వెనక పలకలా వేస్తారు. అదీ పలచగానే ఉంటుంది కాబట్టి కొద్దిరోజుల్లో అలవాటవుతుంది.

ముందు పళ్ళు కూడా పెట్టాల్సి వస్తే, పదార్థం కంటే పళ్ళు అమర్చిన తీరు ఎక్కువ పని చేస్తుంది. ‘ఆఫీసు’, ‘ఫోను’ అనేటప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవికి మెత్తగా తగలాలి. పళ్ళు పొడుగైతే గుచ్చుకుంటాయి, పొట్టివైతే గాలి పోతుంది. స అనేటప్పుడు పై, కింది పళ్ళ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు మిగలాలి. మిగలకపోతే ప్రతి స కీ పళ్ళు టకటకలాడతాయి. ఇలాంటివాళ్ళు మెటీరియల్ మార్చుకుంటే డబ్బు దండగ, పళ్ళ ఎత్తు సరిచేయాలి.

మావయ్యని నేను ఇంకో డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ సెట్టు శుభ్రంగా తుడిచి, లోపలి వైపు కాదు, నాలుక తగిలే వైపు, పలచగా పొడి చల్లి నోట్లో పెట్టారు. ‘ట అనండి’ అన్నారు. అనగానే తీసి చూపించారు. ప్లేటు వెనకంచు పొడుగునా ఒక వేలి వెడల్పున పొడి చెరిగిపోయి ఉంది. మళ్ళీ తుడిచి, చల్లి, ‘స అనండి’ అన్నారు. ఈసారి రెండు పక్కలా చెరిగి, మధ్యలో సన్నటి తెల్లటి దారి మిగిలింది. అది గడ్డి పరకంత ఉంది. ‘ఇదిగో మీ ఈల’ అన్నారావిడ. మావయ్య కళ్ళజోడు సవరించుకుని ఆ ప్లేటుని చాలాసేపు చూశారు. నాలుక చేసే పని కంటికి కనిపించడం ఆయనకి అదే మొదటిసారి. ఈ పద్ధతి కొత్తది కాదు. 1870ల్లోనే లండన్‌లో ఓక్లీ కోల్స్ అనే పళ్ళ డాక్టరు పిండి, బంక కలిపి అంగిలికి పూసి, ఏ శబ్దానికి నాలుక ఎక్కడ తగులుతుందో చూశారు. పళ్ళ డాక్టరు మొదలుపెట్టిన ఈ పద్ధతి తర్వాత భాషాశాస్త్రానికి పనిముట్టయింది.

ఆవిడ వెనకంచుని కత్తి అంచులా పలచన చేసి అంగిలిలో కలిసిపోయేలా దిద్దారు. స కోసం ముందు పళ్ళ వెనక కాస్త గాడిలా తీశారు. ఆ రోజే ట, డ తేలిగ్గా వచ్చాయి. స కి ఇంకో రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. ఏడాది తర్వాత లోహపు సెట్టు కట్టించుకున్నారు. దానితో ళ, ణ మొదటి రోజే బాగా పలికాయి గానీ, విచిత్రంగా ఈల మళ్ళీ వచ్చింది. పట్టీ వల్ల కాదు, ముందు పళ్ళ వెనక భాగం నున్నగా, నిటారుగా ఉండటం వల్ల. అదీ దిద్దాల్సి వచ్చింది.

సెట్టు తుది మెరుగుకి ముందు మైనంలో పళ్ళు పెట్టి ఒకసారి నోట్లో సరిచూస్తారు. మాట్లాడి చూడాల్సింది అప్పుడే. మైనం దిమ్మ ఎలాగూ మందంగా ఉంటుంది కాబట్టి మాట పూర్తిగా బాగుండదు, కానీ పళ్ళ చోటు తప్పైతే అప్పుడే తెలుస్తుంది. నోటికొచ్చిన నాలుగు మాటలు అనేసి లేచిపోకుండా, ‘తాత, టాటా’ అని, ‘దండ, డబ్బా’ అని, ‘పళ్ళు, ముళ్ళు’ అని, ‘సస్యశ్యామలం’ అని చూసుకోవాలి. తెలుగులో చ, జ లు రెండేసి ఉన్నాయి కదా. ‘చాప’లో చ పళ్ళ దగ్గర పుడుతుంది, ‘చేప’లో చ అంగిలి దగ్గర. ‘జామ’, ‘జీడి’ కూడా అంతే. ఈ జంటలు రెండూ తేడాగా పలికితే ప్లేటు ముందు భాగం బాగున్నట్టే.

కొత్త సెట్టుతో మొదటి రోజుల్లో మాట తడబడటం మామూలే. ఉమ్మి ఎక్కువ ఊరుతుంది, నాలుక కొత్త గోడల్ని తడుముకుంటూ ఉంటుంది. పేపరు బిగ్గరగా, నిదానంగా రోజూ ఓ పావుగంట చదివితే చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. మన గొంతు ఎముకల గుండా మన చెవికి చేరుతుంది కాబట్టి మనకి వినిపించినంత తేడా ఎదుటివాళ్ళకి వినిపించదు, ఆ టెన్షన్ వద్దు. చెవులు మందగించినవాళ్ళకి మాత్రం తమ తప్పు తమకి వినపడక అలవాటు ఆలస్యమవుతుంది. పక్కన కూర్చుని ఎవరైనా చెప్పాలి. బీపీకో, ఎలర్జీకో వాడే కొన్ని మందుల వల్ల నోరు ఎండిపోతే నాలుక ప్లేటుకి అతుక్కుంటుంది, మధ్య మధ్యలో గుక్కెడు నీళ్ళు తాగుతూ ఉండాలి. యాక్రిలిక్ సెట్టుని రాత్రి తీసి నీళ్ళలోనే ఉంచాలి. ఎండితే కాస్త ఆకారం మారి, నిన్న పలికిన మాట ఇవాళ పలకదు.

నెల దాటినా ఏదో ఒక అక్షరం మొరాయిస్తుంటే అది మీ అలవాటు లోపం కాదు, సెట్టుని దిద్దించుకోవాలి. వెళ్ళి ‘మాట సరిగ్గా రావట్లేదండీ’ అంటే వాళ్ళకి ఏం చేయాలో తెలియదు. ఏ మాట రావట్లేదో రాసుకుని వెళ్ళాలి. మావయ్య పంచాంగం వెనక అట్ట మీద పెన్సిలుతో రాసుకెళ్ళారు: విశేషణ, విశిష్టాయాం, గుమ్మడికాయ, కొబ్బరి నీళ్ళు, వెళ్ళాడు. కుర్చీలో కూర్చుని ఒక్కొక్కటీ చదువుతుంటే, ఆ డాక్టరు గారు నాలుగో మాట దగ్గర చేయెత్తి, ‘అదే, మళ్ళీ అనండి’ అన్నారు.